హెవీ లైసెన్స్ తీసి స్లీపర్ కోచ్ బస్సు నడపాలని ఉంది. ట్రైనింగ్, టెస్ట్ సంగతి చెప్పండి

సూర్యాపేట శీను | 9 నవంబర్ 2025, రాత్రి 10:40

అందరికీ నమస్తే. నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా క్యాబ్ నడుపుతున్నాను. ఎల్ఎంవీ లైసెన్స్ (కారు లాంటి చిన్న బండ్లది) 2019లో తీశాను. క్యాబ్‌లో ఇప్పుడు డీజిల్, కమీషన్, కిస్తీ పోను ఏమీ మిగలడం లేదు. మా ఊరాయన ఒకరు బెంగళూరు లైన్లో స్లీపర్ కోచ్ నడుపుతాడు. హెవీ తీసుకో, మా ఓనర్‌తో మాట్లాడతానన్నాడు.

నాకు తెలిసిన ఏజెంట్ ఒకడు రెండుసార్లు ఆఫీసుకు వస్తే చాలంటున్నాడు. ఎల్ఎల్‌కి (లెర్నర్ లైసెన్స్) ఒకసారి, టెస్ట్‌కి ఒకసారి. డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్ కూడా తనే తెస్తాడట. బస్సు స్టీరింగ్ ముట్టుకోకుండా సర్టిఫికెట్ ఏంటని అడిగితే, కారు వచ్చు కదా, బస్సు అంతకంటే పెద్ద కారు అన్నాడు. నిజమేనా?

ఇంకో సంగతి. అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయినప్పటి నుంచి మా అమ్మ నా బస్సు మాట ఎత్తనివ్వడం లేదు. ముందు నాకు ధైర్యం రావాలి, తర్వాత ఆమెకు చెప్తాను.

కిటికీ సీటు | 9 నవంబర్, 11:15

అన్నా, అంత టెన్షన్ ఎందుకు? పోయినేడాది సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా. ఎల్ఎంవీ ఉన్నవాళ్లు కమర్షియల్ బండ్లు కూడా నడపొచ్చని. వాట్సాప్‌లో చూశాను. హెవీ అవసరమే లేదు.

నల్లకోటు | 10 నవంబర్, ఉదయం 7:05

కిటికీ సీటు గారూ, వాట్సాప్‌లో సగమే వచ్చినట్టుంది. 2024 నవంబర్ 6న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది 7,500 కిలోల లోపు బండ్ల సంగతి. క్యాబు, ఆటో, చిన్న గూడ్స్ బండి లాంటివాటికి ఎల్ఎంవీ లైసెన్స్ చాలు, లైసెన్స్ మీద విడిగా ‘ట్రాన్స్‌పోర్ట్’ అని రాయించుకోలేదని ఇన్సూరెన్స్ కంపెనీ తప్పించుకోకూడదు అన్నారు. 12 మీటర్ల కోచ్ జనంతో, లగేజీతో 16 టన్నులు దాటుతుంది. ఎల్ఎంవీతో దాన్ని ఎక్కి ఏదైనా జరిగితే క్లెయిమ్ విషయంలో ఓనర్, డ్రైవర్ ఇద్దరూ ఇరుక్కుంటారు. అలాంటి ఫైళ్లు నా టేబుల్ మీద ఉన్నాయి.

శీను గారూ, చట్టప్రకారం మీకు అడ్డేమీ లేదు. ట్రాన్స్‌పోర్ట్ బండికి 20 ఏళ్లు నిండాలి, ఎల్ఎంవీ తీసి ఏడాది అయ్యుండాలి. రెండూ ఉన్నాయి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన 2019లో తీసేశారు. దానికోసం ఎవరైనా సర్టిఫికెట్ తయారు చేసిస్తామంటే దండం పెట్టి రండి.

డబుల్ క్లచ్ | 10 నవంబర్, మధ్యాహ్నం 1:20

గుంటూరు వైపు ఒక స్కూల్లో హెవీ ట్రైనర్‌గా 14 ఏళ్ల నుంచి చేస్తున్నాను. ఏజెంట్ చెప్పే ఆ సర్టిఫికెట్‌ను ఫారం 5 అంటారు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కి అది లేకుండా కుదరదు. ఇన్ని రోజులు మా దగ్గర నేర్చుకున్నాడు, ఇన్ని గంటలు నడిపాడని స్కూల్ సంతకం పెట్టి ఇచ్చే కాగితం అది. నేర్పకుండా ఇచ్చేవాళ్లు ఉన్నారు, కాదనను. మా వృత్తికి పట్టిన చీడ అదే.

వరస చెప్తాను. ముందు డాక్టర్ దగ్గర ఫారం 1ఏ, అంటే మెడికల్ సర్టిఫికెట్. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. 25 మీటర్ల దూరంలోని కారు నంబర్ ప్లేట్ పగటి వెలుగులో చదవగలగాలి. రంగులు తేడా తెలుసా, రేచీకటి ఉందా అని అందులో అడుగుతారు. మా దగ్గరికి వచ్చిన కుర్రాడికి రేచీకటి ఉన్నట్టు ఆ డాక్టర్ దగ్గరే బయటపడింది. వాడు అప్పటికే మూడేళ్లుగా రాత్రిపూట ట్రాక్టర్ తోలుతున్నాడు! తర్వాత హెవీకి ఎల్ఎల్. అది ఆరు నెలలు పనిచేస్తుంది, తీసిన 30 రోజుల దాకా టెస్ట్‌కి పోవడానికి లేదు. ఆ 30 రోజులు నేర్చుకోవడానికే ఇచ్చారు, తిరగడానికి కాదు.

ఫెయిలైతే వారం ఆగి మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. పాసయ్యాక బస్సు కోసం బ్యాడ్జి (జనాన్ని ఎక్కించుకునే బండి నడపడానికి ఇచ్చేది) కూడా తీసుకోవాలి, లారీకైతే దాంతో పనిలేదు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యువల్. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్టే.

స్కూల్ ఎంచుకునే ముందు వాళ్ల బండి చూడండి. పాత టిప్పర్ ఒక్కటి పెట్టుకుని హెవీ నేర్పుతామనేవాళ్లు చాలామంది. కోచ్ నడపాలనుకునేవాడు బస్సు మీదే నేర్చుకోవాలి. ఎందుకో స్టీరింగ్ తాతగారు చెప్తారు, ఈ గ్రూపులో ఉన్నారు.

స్టీరింగ్ తాత | 10 నవంబర్, రాత్రి 8:50

పిలిచారు కాబట్టి వచ్చాను. ఆర్టీసీలో 31 ఏళ్లు చేసి దిగాను.

బస్సు పెద్ద కారు అన్నాడా మీ ఏజెంటు! వాణ్ణి ఒకసారి సీట్లో కూర్చోబెట్టాలి. శీనూ, కారులో ముందు చక్రాలు నీ కాళ్ల దగ్గరో, ఇంకా ముందో ఉంటాయి. లారీలో దాదాపు నీ కింద. బస్సులో అవి నీ వీపు వెనక ఉంటాయి నాయనా. నువ్వు ఇరుసు దాటి ముందుకు వేలాడుతూ కూర్చుంటావు. కారు అలవాటుతో మలుపు కనపడగానే తిప్పావనుకో, వెనక చక్రం లోపలి పక్కన ఉన్న దాన్ని ఎక్కేస్తుంది. అది రాయి కావచ్చు, స్కూటీ కావచ్చు. మలుపులో నువ్వు రోడ్డు దాటి పొలంలోకి పోతున్నానేమో అనిపించేదాకా ఆగి అప్పుడు తిప్పాలి. మొదటి వారం అందరికీ గుండె జారుతుంది.

రెండోది తోక. వెనక చక్రాల వెనక బండి ఎంత పొడుగు ఉండొచ్చో రూల్ ఉంది, వీల్‌బేస్‌లో (ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉన్న దూరం) 60 శాతం దాకా. ఆరు మీటర్ల వీల్‌బేస్ ఉంటే మూడున్నర మీటర్లు దాటిన తోక. నువ్వు ఎడమకు తిప్పితే ఆ తోక కుడికి ఊడ్చుకుంటూ వస్తుంది. బస్టాండ్ ప్లాట్‌ఫాం నుంచి బయటికి తీసేటప్పుడు పక్క బస్సు అద్దాలు పగలగొట్టేది ముక్కు కాదు, తోకే. నేనూ పగలగొట్టాను, 1989లో. ఆ డబ్బు జీతంలో పట్టుకున్నారు.

మూడోది గాలి. నీ కారు బ్రేక్ నూనెతో పనిచేస్తుంది, ఇది గాలితో. పొద్దున స్టార్ట్ చేసి మీటర్‌లో ముల్లు పైకి వచ్చేదాకా కదలకూడదు. ఘాట్‌లో భయపడి బ్రేక్ మీద దడదడ కొడుతూ పోతే గాలి అయిపోతుంది, బ్రేక్ డ్రమ్ములు కాలి వాసన వస్తాయి. దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డులో ఆ వాసన ముక్కుకు తగలని రోజు లేదు. ఎక్కిన గేర్‌లోనే దిగాలి. ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగ దారి మూసి బండిని నెమ్మదించేది) ఉంటే దాన్ని వాడి, కాలు బ్రేక్‌ను అవసరానికి దాచుకోవాలి. ఇది టెస్ట్ ట్రాక్ మీద ఎవడూ అడగడు. ట్రాక్‌లో ఘాట్ ఎక్కడుంది?

గేర్‌బాక్స్ గౌరి | 11 నవంబర్, ఉదయం 9:30

తాతగారూ, తోక పాఠం మా సార్ ఎలా చెప్పారో తెలుసా? బస్సు వెనక మూల నుంచి తాడు కట్టి, చివర చిన్న రాయి వేలాడదీసి, నన్ను కిందే నిలబెట్టి ఆయన స్టీరింగ్ తిప్పారు. రాయి నేల మీద గీసిన గీత చూశాక ఇంక ఎప్పుడూ మర్చిపోలేదు.

శీను అన్నా, నేను కిందటేడు హెవీ తీశాను. మా ఇంట్లో నవ్వారు. 2015లో ఢిల్లీ ప్రభుత్వ బస్సుల సంస్థ డీటీసీలో మొదటి మహిళా డ్రైవర్‌గా చేరిన సరిత మన తెలంగాణ అమ్మాయే అని చెప్పి నోరు మూయించాను.

టెస్ట్‌కి బండి మనమే తీసుకుపోవాలి, స్కూల్ వాళ్లే పంపుతారు. రోజూ నేర్చుకున్న బస్సునే అడగండి. నాకు ఆ రోజు వేరే బండి పంపారు, దాని క్లచ్ ఇంకో ఎత్తులో పట్టింది. ఎంవీఐ (టెస్ట్ పెట్టే ఇన్‌స్పెక్టర్) సార్ ముందు బండి చుట్టూ తిప్పి టైర్లు, అద్దాలు, లైట్లు అడిగారు. తర్వాత రివర్స్, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడం. ఆ ఎత్తు దగ్గరే సగం మంది పోతారు. హ్యాండ్ బ్రేక్ వదలకుండా క్లచ్ పట్టే చోటు దాకా తెచ్చి, బండి ముందుకు గుంజుతోందని సీటుకు తెలిసినప్పుడు వదలాలి. ముందే వదిలితే వెనక్కి జారుతుంది, ఇంకేం ఉండదు.

బాడీ కొలతలు కూడా చూసుకోండి. నేను ఐదడుగులు ఒక అంగుళం. సీటు పూర్తిగా ముందుకు జరిపినా కొన్ని పాత బండ్లలో క్లచ్ చివరిదాకా తొక్కలేను. ఆర్టీసీ మీద ఆశ ఉంటే 160 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతారు.

కిటికీ సీటు | 11 నవంబర్, 12:10

సుప్రీంకోర్టు విషయంలో తప్పు ఒప్పుకుంటున్నా. కానీ ఇంత నేర్చుకుని నెలకు ఎంత వస్తుంది? ఆర్టీసీ పోస్టులు పడ్డాయి కదా, దానికి పోవచ్చు కదా.

డబుల్ క్లచ్ | 11 నవంబర్, 12:45

తెలంగాణలో ఈ ఏడాది 1,000 డ్రైవర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, నిజమే. పదో తరగతితో పాటు హెవీ లైసెన్స్ 18 నెలలుగా నడుస్తూ ఉండాలన్నారు. ఇవాళ తీసినవాడికి ఈసారి కుదరదు. ఆర్టీసీకి పోవాలనుకునేవాడు లైసెన్స్ ముందే తీసి పెట్టుకోవాలనేది అందుకే.

ఇంకో దారి కూడా ఉంది. 2021 జూలై నుంచి గుర్తింపు పొందిన ట్రైనింగ్ సెంటర్లకు కేంద్రం కొత్త రూల్స్ పెట్టింది. హెవీకి ఆరు వారాల్లో 38 గంటల కోర్సు. పాఠాలు, సిమ్యులేటర్, ట్రాక్, రోడ్డు అన్నీ కలిపి. అక్కడ టెస్ట్ పాసైతే ఆర్టీఏలో మళ్లీ ట్రాక్ టెస్ట్ అక్కర్లేదు. అందుకే సెంటర్‌కి ఆ గుర్తింపు ఉందా లేదా చూసి డబ్బు కట్టండి. తెలంగాణలో సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో పెద్ద డ్రైవింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, సూర్యాపేట నుంచి పోయి కనుక్కోండి. ఆంధ్రలో ఆర్టీసీ వాళ్లే కొన్నిచోట్ల హెవీ నేర్పుతున్నారు. మా స్కూల్‌కి పోటీ అయినా చెప్తున్నాను, ఆర్టీసీ బస్సు మీద నేర్చుకున్నవాడి చెయ్యి వేరు.

లెస్టర్‌లో తెలుగోడు | 12 నవంబర్, తెల్లవారుజామున 3:15

ఇక్కడ రాత్రి పది కావస్తోంది, డ్యూటీ దిగి రాస్తున్నాను. నేను ఇంగ్లండ్‌లో కోచ్ డ్రైవర్‌ని. ఊళ్లో ఉన్నప్పుడు హెవీ ఉంది, ఆరేళ్లు లారీ నడిపాను. ఇక్కడ దానికి విలువ లేదు. ముందు ఇక్కడి కారు లైసెన్స్ కొత్తగా తీసి, అప్పుడు బస్సుకు ప్రొవిజనల్ (మన ఎల్ఎల్ లాంటిది) పెట్టుకోవాలి.

ఇక్కడ ఉద్యోగంగా కోచ్ నడపాలంటే లైసెన్స్‌తో పాటు సీపీసీ అనే అర్హత కావాలి. మొదట కంప్యూటర్ మీద 100 ప్రశ్నలు, 85 రావాలి. తర్వాత వీడియో క్లిప్పులు 19. రోడ్డు మీద ప్రమాదం మొలకెత్తుతున్నప్పుడే బటన్ నొక్కాలి, వందకు 67 కావాలి. నేను మొదటిసారి అందులోనే పోయాను. మన రోడ్ల అలవాటుకు నాకు అసలు ఏదీ ప్రమాదంలా కనిపించలేదు! ఆవు లేదు, ఎదురు వచ్చే ఆటో లేదు. పార్కు చేసిన కారు కింద నుంచి ఎవరి కాళ్లో కనపడితే నొక్కాలట. తర్వాత కేస్ స్టడీస్, అంటే ఇలా జరిగితే ఏం చేస్తావనే ప్రశ్నలు. ఆ తర్వాత రివర్స్ టెస్ట్, రోడ్డు టెస్ట్. టెస్ట్ బండి కనీసం 10 మీటర్ల పొడుగు ఉండాలి.

చివరి మాడ్యూల్ నాకు బాగా నచ్చింది. స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. బండి చుట్టూ తిరిగి చెకింగ్ చేసి చూపించు, మంట వస్తే ఏం చేస్తావు, జనాన్ని ఎటు దింపుతావు, లగేజీ ఎలా కడతావు అని అడుగుతారు. ఐదు అంశాలు, ఒక్కోదానికి 20 మార్కులు. మొత్తం 80 రావాలి, ఏ ఒక్కదాంట్లోనూ 15కి తగ్గకూడదు. ఒకదాంట్లో బాగా చేసి ఇంకోదాన్ని కప్పిపుచ్చడం కుదరదు. అది అయిపోయిందనుకోకండి, ఐదేళ్లకోసారి 35 గంటల ట్రైనింగ్ మళ్లీ కట్టి వినాలి. సగం మంది కునుకు తీస్తారు, అది వేరే కథ.

కిటికీ సీటు | 12 నవంబర్, ఉదయం 8:00

అక్కడి రోడ్లు వేరు, ఇక్కడి రోడ్లు వేరు బాబాయ్. ఆ టెస్ట్ ఇక్కడ పెడితే బస్సులు షెడ్లలోనే ఉంటాయి.

స్టీరింగ్ తాత | 12 నవంబర్, ఉదయం 10:40

రోడ్లు వేరు గానీ మంట ఒకటే కదా కిటికీ సీటు. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టుకు తగిలి బస్సు కాలి 45 మంది పోయారు. ఆ తర్వాత మా డిపోలో సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ మమ్మల్ని వరసగా నిలబెట్టి ఎమర్జెన్సీ డోర్ ఒక్కొక్కరి చేత తీయించాడు. ఇరవై ఏళ్ల సర్వీస్ ఉన్నవాళ్లు పిడి ఎటు తిప్పాలో తెలియక తడబడ్డారు. ఆ గుంపులో నేనూ ఉన్నాను. లెస్టర్ అబ్బాయి చెప్పిన చివరి పరీక్ష మనకు రోడ్డు టెస్ట్ కంటే ముందు పెట్టాలి.

శీనూ, ఓనర్ దగ్గర చేరినప్పుడు జీతం తర్వాత అడుగు. రెండో డ్రైవర్ ఉన్నాడా, రెండో డ్రైవర్ పడుకోవడానికి చోటు ఎక్కడ, అది ముందు అడుగు. కొన్ని బండ్లలో డిక్కీలో పడుకోబెడతారు. ఇంజిన్ వేడికి నిద్ర రాదు, నిద్రలేని వాడు తెల్లవారుజామున మూడింటికి స్టీరింగ్ ఎక్కుతాడు. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48, ఐదు గంటలకోసారి అరగంట విశ్రాంతి అని అప్పుడే రాసి పెట్టారు. ఎవరు చూశారని అడక్కు.

లెస్టర్‌లో తెలుగోడు | 12 నవంబర్, సాయంత్రం 6:20

ఇక్కడ టాకోగ్రాఫ్ (ఎంతసేపు నడిపామో రాసే మిషన్) చూస్తుంది తాతగారూ. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాల్సిందే. నా కార్డు పెట్టాకే నా లెక్క మొదలవుతుంది. ఓనర్ పోనివ్వమన్నా మిషన్ రాసేస్తుంది, ఫైన్ ఇద్దరికీ పడుతుంది. ఊళ్లో లారీ నడిపినప్పుడు నిద్ర ఆపుకోవడమే మగతనం అనుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే వెన్ను చల్లబడుతుంది.

సూర్యాపేట శీను | 21 డిసెంబర్, రాత్రి 9:55

ఏజెంట్‌కి నో చెప్పాను. బస్సు ఉన్న స్కూల్లోనే చేరాను. 30 రోజులు అయ్యాయి.

మొదటి రోజు బండి కదలనివ్వలేదు. సీటు, అద్దాలు సర్దుకుని అరగంట కూర్చోమన్నారు. కింద సార్ నడుస్తూ, ఇప్పుడు నేను ఏ అద్దంలో కనపడుతున్నాను, ఇప్పుడు ఎక్కడ మాయమయ్యాను అని అడుగుతూ పోయారు. ఎడమ తలుపు పక్కన మనిషి మొత్తం మాయమైపోయే చోటు ఉంది. నాలుగేళ్లు క్యాబ్‌లో తిరిగాను, రోజూ ఆ చోటులోంచే బస్సులను ఓవర్‌టేక్ చేశానని అప్పుడు తెలిసింది.

టెస్ట్ మొన్న అయింది. ఫెయిల్. గౌరి అక్క చెప్పిన ఎత్తు దగ్గర బాగానే లేచాను. రివర్స్ తీసి బయటికి వస్తుంటే తోక తగిలి ట్రాక్ మీద గుర్తుగా పెట్టిన డ్రమ్ము పడింది. తాత చెప్పింది చెప్పినట్టు జరిగింది. వచ్చే వారం మళ్లీ స్లాట్.

గేర్‌బాక్స్ గౌరి | 21 డిసెంబర్, 10:10

డ్రమ్ము పడితే ఏడవకు అన్నా. రోడ్డు మీద అది డ్రమ్ము కాదు కదా. కుడి అద్దంలో చివరి చక్రం డ్రమ్మును దాటేదాకా స్టీరింగ్ నేరుగా పెట్టు, ఆ తర్వాతే తిప్పు.

డబుల్ క్లచ్ | 21 డిసెంబర్, 10:30

మీ సార్‌ని రెండు గంటలు అదనంగా అడుగు. డబ్బు అడిగితే ఇవ్వు. ఖాళీ గ్రౌండ్‌లో ఎనిమిది అంకె వేయించుకో, ముందుకు కాదు, వెనక్కి.

సూర్యాపేట శీను | 30 డిసెంబర్, మధ్యాహ్నం 2:05

పాస్!!! బ్యాడ్జికి అప్లై చేశాను. అమ్మకు చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న అన్నం పెడుతూ, మంట వస్తే ఆ తలుపు ఎక్కడుంటుంది అని అడిగింది. కాగితం మీద బస్సు బొమ్మ వేసి చూపించాను.

సూర్యాపేట శీను | 18 ఫిబ్రవరి 2026, రాత్రి 11:20

ఓనర్ దగ్గర చేరి పన్నెండు రోజులు. ఇంకా జనంతో ఉన్న బండి ఇవ్వలేదు. మా ఊరాయన పక్కన కూర్చుని రెండు ట్రిప్పులు చూస్తూ వచ్చాను, రాత్రంతా. ఇవాళ షెడ్డు నుంచి డీజిల్ బంకు దాకా ఒక్కణ్ణే తీసుకుపోయాను. ఖాళీ బస్సు, రెండు కిలోమీటర్లు. చొక్కా తడిసిపోయింది.

స్టీరింగ్ తాత | 18 ఫిబ్రవరి, 11:32

బంకులోంచి బయటికి తీసేటప్పుడు తోక ఎటు పోయింది?

సూర్యాపేట శీను | 18 ఫిబ్రవరి, 11:34

గాలి మిషన్ వైపు. క్లీనర్‌ని అక్కడ నిలబెట్టాను తాతా. జానెడు వదిలి పోయింది.

స్టీరింగ్ తాత | 18 ఫిబ్రవరి, 11:35

రేపు మూరెడు వదులు. పడుకో ఇక.